పక్క క్యాంపస్‌లో తెరుచుకునే జర్నల్ మన దగ్గర ఎందుకు తెరుచుకోదు?

క్లుప్తంగా: 2025 జనవరి 1న మొదలైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం ప్రభుత్వ విద్యాసంస్థలకు దాదాపు 13,000 ఈ-జర్నళ్లను (ఆన్‌లైన్ పరిశోధన పత్రికలను) అందుబాటులోకి తెచ్చింది. ప్రైవేటు కళాశాలలకు తొలి దశలో చోటు లేదు. గ్రంథాలయాలు కూటమి కట్టి లైసెన్సు తీసుకుంటే తలసరి ఖర్చు బాగా తగ్గుతుంది. కానీ ఆ కూటమిలో ఎవరిని చేర్చుకున్నారన్నది ప్రతిసారీ ఒక్కో కొలతతో తేలుతోంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కనిపిస్తున్న గందరగోళానికి మూలం అదే.

ఎచ్చెర్లలో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఉంది, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీ ఉంది. రెండూ ప్రభుత్వానివే. ఆ చుట్టుపక్కలే ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలూ ఉన్నాయి. ఒకే పరిశోధన వ్యాసం లింకు ప్రభుత్వ క్యాంపస్‌లో నొక్కితే పీడీఎఫ్ దిగుతుంది. ప్రైవేటు క్యాంపస్‌లో నొక్కితే ముప్పయ్యో నలభయ్యో డాలర్లు కట్టమనే పేజీ ఎదురవుతుంది. విజయనగరంలోనూ ఇదే తంతు. జేఎన్‌టీయూ గురజాడ, కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం పథకం పరిధిలోకి వస్తాయి. చింతలవలస, రాజాం, ఇటు శ్రీకాకుళం జిల్లా టెక్కలి వైపున్న ప్రైవేటు కళాశాలలు రావు. దేశమంతటికీ ఒకటే చందా అన్నారు కదా, మరి మాకేది అని విద్యార్థులు లైబ్రేరియన్లను అడుగుతున్నారు. పేరులోనే ‘వన్ నేషన్’ అని ఉన్నప్పుడు ఆ ప్రశ్న రావడంలో వింత లేదు.

పుస్తకం కొనడం వేరు, లైసెన్సు వేరు

అచ్చు పుస్తకాన్ని గ్రంథాలయం డబ్బిచ్చి కొంటే అది గ్రంథాలయం సొత్తు. ఎవరికి ఇవ్వాలో, ఎన్నాళ్లు ఉంచుకోవాలో, పక్క కళాశాలకు అరువివ్వాలో వద్దో గ్రంథాలయమే నిర్ణయించుకుంటుంది. ఈ-జర్నల్ విషయంలో కొనుగోలు జరగదు, ఒప్పందం జరుగుతుంది. ఎవరు చదవవచ్చు, ఏ కంప్యూటర్ల నుంచి చదవవచ్చు, ఎంత దించుకోవచ్చు, బయటివారికి ఒక వ్యాసం పంపవచ్చా లేదా అన్నవన్నీ ఆ కాగితంలో రాసి ఉంటాయి. అద్దె ఇల్లు లాంటిది; ఎన్నేళ్లు కట్టినా ఖాళీ చేసే రోజున చేతిలో తాళం చెవి మిగలదు.

తేడా గడువు తీరిన రోజున బయటపడుతుంది. విజయనగరం మహారాజా కళాశాల లాంటి పాత కళాశాలలో ఎప్పుడో తెప్పించిన అచ్చు సంచిక, చందా ఆగిపోయినా బీరువాలోనే ఉంటుంది. ఈ-జర్నల్ చందా ఆగితే కొత్త సంచికలతో పాటు, డబ్బు కట్టిన ఏళ్ల సంచికలు కూడా మూసుకుపోవచ్చు. కట్టిన ఏళ్ల సంచికలు ఎప్పటికీ అందుబాటులో ఉండాలనే షరతును ఒప్పందంలో విడిగా పట్టుబట్టి రాయించుకోవాలి. ఒంటరిగా వెళ్లిన కళాశాలకు అంత పట్టుబట్టే సత్తా ఉండదు. ధర మాట పక్కన పెట్టినా, కూటమి అవసరమయ్యేది ముందుగా ఇక్కడే.

కూటమి కడితే ధర ఎందుకు దిగుతుంది

మామూలు సరుకైతే ఒక దుకాణంలో ధర ఎక్కువగా ఉంటే ఇంకో దుకాణానికి వెళ్తాం. పరిశోధన వ్యాసానికి ఆ వీలు లేదు. ఒక వ్యాసం ఒక జర్నల్‌లోనే వస్తుంది. దాని బదులు ఇంకొకటి చదివితే పని జరగదు. అంటే ప్రతి ప్రచురణకర్తా తన జర్నళ్ల వరకు గుత్తాధిపతే. మరోపక్క, ఆన్‌లైన్‌లో ఇంకో వెయ్యి మంది చదివినందువల్ల ప్రచురణకర్తకు అదనంగా అయ్యే ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. ఈ రెండు కారణాలూ కలిసే కన్సార్షియం (కూటమి) బేరానికి దారి తీస్తాయి. ప్రచురణకర్తకు ఒక దేశం నుంచో రాష్ట్రం నుంచో మొత్తంగా వచ్చే ఆదాయం తగ్గకూడదు. గ్రంథాలయాలకు ఆ మొత్తానికే ఎక్కువమంది పాఠకులు, ఎక్కువ జర్నళ్లు రావాలి. ఇద్దరికీ కుదిరే చోటు అదే. అందుకే విడివిడి జర్నళ్ల బదులు ప్రచురణకర్త జాబితా మొత్తాన్ని ఒకే మూటగా అమ్మే పద్ధతి 1990ల చివరి నుంచి ప్రపంచమంతా పాకింది.

మూటలో చిక్కు కూడా ఉంది. వంద జర్నళ్లలో ఇరవయ్యే బాగా చదివేవైనా వందకూ కట్టాలి. ధరకు చాలాచోట్ల పునాది, ఆ గ్రంథాలయాలు అచ్చు కాలంలో పెట్టిన ఖర్చు. దాని మీద ఏటా కొంత శాతం పెంపు రాసుకుంటారు. ఎవరెంత కడుతున్నారో బయటికి చెప్పకూడదనే షరతు కూడా ఒప్పందాల్లో మామూలే. పక్కవాడు ఎంతకు కొన్నాడో తెలియకుండా బేరమాడటం ఎలా ఉంటుందో సంతలో పశువుల్ని కొన్నవారికి చెప్పనక్కర్లేదు. ప్రపంచవ్యాప్తంగా గ్రంథాలయ కూటములు 1990ల్లోనే ఒక అంతర్జాతీయ వేదికగా ఏర్పడి అనుభవాలు పంచుకోవడం మొదలుపెట్టడం వెనక ఈ గోప్యత కూడా ఒక కారణం.

మన పథకం లెక్క మాత్రం బహిరంగంగానే ఉంది. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం 2025, 2026, 2027 సంవత్సరాలకు కలిపి 6,000 కోట్ల రూపాయలకు ఆమోదం తెలిపింది. ముప్పై మంది ప్రచురణకర్తలు, 6,300కు పైగా సంస్థలు, దాదాపు 1.8 కోట్ల మంది విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులు. ఏడాదికి 2,000 కోట్లు అనుకుంటే తలకు సుమారు 1,100 రూపాయలు, సంస్థకు సగటున 32 లక్షల లోపు పడుతుంది. ఈ సగటును జాగ్రత్తగా చదవాలి. మద్రాసు ఐఐటీ, ఆమదాలవలస లాంటి చోట ఉండే చిన్న ప్రభుత్వ డిగ్రీ కళాశాల రెండూ ఆ లెక్కలో ఒక్కో సంస్థే. వాడకంలో వాటి మధ్య పోలికే ఉండదు. అయినా కూటమికి అర్థం కూడా ఇదే: ఎక్కువ వాడేవారి పేరు మీద బేరం కుదురుతుంది, తక్కువ వాడేవారికి తలుపు తెరుచుకుంటుంది.

ముక్కలుగా మొదలై ఒక్కటిగా

ఈ పథకం శూన్యంలోంచి ఊడిపడలేదు. ఢిల్లీ గ్రంథాలయాలను కలుపుతూ 1988లో మొదలైన డెల్‌నెట్ పుస్తకాలు, వ్యాసాలు ఇచ్చిపుచ్చుకునే వలయంగా పెరిగి దేశమంతా పాకింది. విశ్వవిద్యాలయాల కోసం యూజీసీ-ఇన్ఫోనెట్, ఐఐటీలు, ఇంజినీరింగ్ సంస్థల కోసం ఇండెస్ట్ రెండూ 2003లో మొదలయ్యాయి. వ్యవసాయ పరిశోధన సంస్థలకు, వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు 2007లో సెరా వచ్చింది. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఉన్న నైరా వ్యవసాయ కళాశాల లాంటివి ఆ తోవలో వచ్చేవి. కళాశాలల కోసం 2010లో ఎన్-లిస్ట్ మొదలైంది. యూజీసీ-ఇన్ఫోనెట్, ఇండెస్ట్, ఎన్-లిస్ట్‌లను కలిపి 2015లో ఈ-శోధ్‌సింధు చేశారు. దాన్ని నడిపింది గాంధీనగర్‌లో ఉన్న యూజీసీ గ్రంథాలయ నెట్‌వర్క్ కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్. ఇప్పుడు వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్‌ను సమన్వయం చేస్తున్నదీ అదే సంస్థ.

ఒక్కో మంత్రిత్వ శాఖ ఒక్కో కూటమి నడిపిన కాలంలో ఒకే ప్రచురణకర్తకు ఒకే జర్నల్ మూటకు నాలుగు చోట్ల నుంచి చెక్కులు వెళ్లాయి. బేరం ఆడేవారు నలుగురైతే అమ్మేవాడిదే పైచేయి. కూటములన్నిటినీ కూటమి చేయడం వెనకున్న తర్కం ఇదే, అది బలమైన తర్కమే.

గీత ఎక్కడ గీశారు

ఈ పథకాలను వరసగా చూస్తే, ప్రతి కూటమీ లోపలివారు ఎవరో, బయటివారు ఎవరో ఒక్కో కొలతతో తేల్చింది. సెరాకు కొలత శాఖ: వ్యవసాయ పరిశోధన వ్యవస్థలో ఉంటే లోపల. డెల్‌నెట్‌కు కొలత రుసుము: కట్టినవారెవరైనా సభ్యులే, అందుకే మన ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలు చాలావాటికి అది పాత పరిచయం. రాష్ట్ర ఆరోగ్య విశ్వవిద్యాలయం తన పరిధిలోని వైద్య కళాశాలల కోసం ఎన్‌టీఆర్ మెడ్‌నెట్ పేరుతో నడిపిన కూటమికి కొలత అనుబంధం: విశ్వవిద్యాలయానికి అనుబంధమై ఉంటే చాలు.

ఈ-శోధ్‌సింధులో భాగమైన ఎన్-లిస్ట్‌లో రెండు కొలతలు కలిశాయి. ప్రభుత్వ, ఎయిడెడ్ కళాశాలలకు ఏడాది రుసుము జీఎస్టీతో కలిపి 5,900 రూపాయలు. అన్‌ఎయిడెడ్ కళాశాలలకు 35,400. ఆరు రెట్లు. అయినా తలుపు మూయలేదు, టికెట్ ధర మార్చారంతే. 35,400 రూపాయలకు 6,000కు పైగా ఈ-జర్నళ్లు, లక్షన్నరకు మించి ఈ-పుస్తకాలు వస్తున్నాయంటే ఏ కళాశాలకైనా అది చవకే.

వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కొలత యాజమాన్యం. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు నడిపే ఉన్నత విద్యాసంస్థలు, కేంద్రం కింది పరిశోధన సంస్థలు లోపల. మిగతావారు బయట. ప్రైవేటు సంస్థలను రెండో దశలోనూ, ఎంపిక చేసిన ప్రజా గ్రంథాలయాల ద్వారా అందరినీ మూడో దశలోనూ చేర్చాలన్నది ప్రణాళిక. అంటే ఇప్పుడున్నది మొదటి మెట్టు మాత్రమే.

ఈ కొలతకు సమర్థన లేకపోలేదు. ప్రజాధనంతో కట్టిన చందా ముందుగా ప్రజా సంస్థలకే అందాలన్నది న్యాయమైన వాదన. ఫీజులు వసూలు చేసే ప్రైవేటు కళాశాల తన లైబ్రరీ ఖర్చు తానే పెట్టుకోవాలి. ఇబ్బందల్లా, ఈ గీత చదువరి అవసరాన్ని బట్టి గీసింది కాకపోవడం. ఇంజినీరింగ్ చదివే పిల్లల్లో పెద్ద భాగం ఈ రెండు జిల్లాల్లో ప్రైవేటు కళాశాలల్లోనే ఉన్నారు. రీయింబర్స్‌మెంట్ రూపంలో వారి ఫీజుల్లోనూ ప్రజాధనం ఉంది.

ఉద్దానం సంగతి చూస్తే గీత వంకర ఇంకా స్పష్టమవుతుంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో కారణం ఇదమిత్థంగా తేలని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి మీద దేశ విదేశాల్లో పరిశోధన వ్యాసాలు వస్తున్నాయి. శ్రీలంక, మధ్య అమెరికా ప్రాంతాల్లో ఇలాంటి వ్యాధి మీదే మరెన్నో వచ్చాయి. శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాలలో ఉండే పీజీ విద్యార్థి పథకం పరిధిలోకి వస్తారు. ఉద్దానం మధ్యలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రోజూ ఆ రోగుల్నే చూసే వైద్యాధికారి రారు. ఆయనదీ ప్రభుత్వ ఉద్యోగమే, కానీ ఆరోగ్య కేంద్రం విద్యాసంస్థ కాదు. సోంపేటలో ప్రైవేటుగా ప్రాక్టీసు చేసే డాక్టరు, ఊళ్లో నీటి నమూనాలు సేకరించే స్వచ్ఛంద సంస్థ కార్యకర్త మరీ దూరం. వ్యాధి ఎవరి గుమ్మంలో ఉందో వారికి దాని మీది రాత అందకపోవడం ఏ లైసెన్సు రాసినవారి ఉద్దేశమూ కాకపోవచ్చు. యాజమాన్యాన్ని బట్టి గీత గీస్తే మాత్రం జరిగేది అదే.

తలుపు తెరిచి ఉన్నా

పరిధిలో ఉండటం వేరు, వాడటం వేరు. క్యాంపస్‌కు స్థిరమైన ఐపీ అడ్రస్ ఉంటే ఆ నెట్‌వర్క్‌లోని ఏ కంప్యూటర్ నుంచైనా జర్నల్ తెరుచుకుంటుంది. ఇంటి నుంచో హాస్టల్ నుంచో చదవాలంటే ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఇన్‌ఫెడ్ లాంటి లాగిన్ వ్యవస్థ కావాలి. ఎన్-లిస్ట్‌లోనైతే కళాశాల తరఫున ఒకరు విద్యార్థుల, అధ్యాపకుల పేర్లు, ఈమెయిళ్లు ఎక్కించాలి. ఒక్కొక్కరికీ యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ వెళ్తాయి. వినడానికి చిన్న పని. లైబ్రేరియన్ పోస్టు ఖాళీగా ఉండి, ఏ కామర్స్ అధ్యాపకుడో ఇన్‌ఛార్జిగా తాళాలు మోసే కళాశాలలో అదే కొండంత పని. ఏటా కొత్త బ్యాచ్ వస్తుంది, పాత బ్యాచ్ పేర్లు తీసెయ్యాలి, మరచిపోయిన పాస్‌వర్డులు మార్చివ్వాలి.

దీనికి తోడు కళాశాలలకు గ్రేడులిచ్చే నాక్ పరీక్ష. నాక్ మూల్యాంకనంలో ఈ-జర్నళ్లు, ఈ-పుస్తకాలు, శోధ్‌గంగ, ఈ-శోధ్‌సింధు వంటి వాటిలో సభ్యత్వం ఉందా అని అడుగుతూ వచ్చారు. సభ్యత్వ రసీదు జతచేస్తే ఆ గడి నిండుతుంది. తనిఖీ బృందం వచ్చే ఏడాది సభ్యత్వం పుట్టి, ఆ తర్వాత లాగిన్లు నిద్రపోయే కళాశాలలు ఉన్నాయని ఈ రంగంలో ఉన్నవారందరికీ తెలుసు. సభ్యత్వాన్ని లెక్కపెట్టే చోట సభ్యత్వాలే పెరుగుతాయి, చదువు పెరగాలని రూలేం లేదు.

డిగ్రీ విద్యార్థికి కావలసింది జర్నలేనా అన్న ప్రశ్న కూడా ఉంది. కొత్త పథకం జర్నళ్లకే పరిమితం. బీఎస్సీ రెండో ఏడాది విద్యార్థికి ముందు కావలసింది పాఠ్యపుస్తకం, అదీ వీలైతే తెలుగులో. ఆ అవసరానికి ఎన్-లిస్ట్‌లోని ఈ-పుస్తకాలు, ఖరగ్‌పూర్ ఐఐటీ నిర్వహించే నేషనల్ డిజిటల్ లైబ్రరీ దగ్గరి దారి. తెలుగు ఎంఏ పరిశోధకుడికైతే 13,000 జర్నళ్లు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే అనిపించవచ్చు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997లో స్థాపించిన కథానిలయం అతనికి అంతకంటే పనికొస్తుంది. ఏ కన్సార్షియం లైసెన్సూ లేకుండా, పాఠకులు, రచయితలు ఇచ్చిన పత్రికలతో, పుస్తకాలతో పెరిగిన సేకరణ అది. గ్రంథాలయ సహకారం అనే మాటకు మన ప్రాంతంలో పాత ఉదాహరణ కూడా అదే కావచ్చు.

లేచి వెళ్లిపోగలగడం

బేరంలో ఒప్పుకోకపోతే లేచి వెళ్లిపోతాం అనగలగడమే కూటమి చేతిలోని అసలు బలం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2019 ఫిబ్రవరిలో ఎల్సెవియర్ అనే పెద్ద ప్రచురణ సంస్థతో చర్చలు తెగతెంపులు చేసుకుంది. రెండేళ్లు వారి కొత్త వ్యాసాలు లేకుండానే నెట్టుకొచ్చి, 2021 మార్చిలో తనకు నచ్చిన పద్ధతిలో ఒప్పందానికి వచ్చింది. జర్మనీలో ‘డీల్’ కూటమి వైలీతో 2019లో, స్ప్రింగర్ నేచర్‌తో 2020లో ఒప్పందాలు చేసుకున్నా ఎల్సెవియర్‌తో మాత్రం 2023 దాకా తెగలేదు. ఈ ఒప్పందాల్లో చదవడానికీ ప్రచురించడానికీ కలిపి ఒకటే రుసుము. తమ పరిశోధకులు రాసిన వ్యాసాలు ప్రపంచమంతా ఉచితంగా చదివేలా తెరిచి ఉంచాలన్నది షరతు.

మన పథకం ప్రధానంగా చదవడానికే. వ్యాసాన్ని అందరికీ తెరిచి ప్రచురించడానికి రాసినవారు కట్టే రుసుముల కోసం విడిగా ఏటా 150 కోట్ల రూపాయలు కేటాయిస్తామన్నారు. చదవడానికి ఒకసారి, తెరిచి ప్రచురించడానికి ఇంకోసారి కట్టడం వల్ల ఒకే ప్రచురణకర్తకు రెండు వైపుల నుంచి డబ్బు వెళ్లే ప్రమాదం ఉంది. ఒక దేశమంతా ఒకే కొనుగోలుదారుగా నిలబడితే బేరమాడే బలం పెరుగుతుంది. అదే సమయంలో లేచి వెళ్లిపోవడం కష్టమవుతుంది, ఎందుకంటే ఆ రోజున 6,300 సంస్థలకూ ఒకేసారి దీపం ఆరిపోతుంది. విడివిడి కూటములు ఉన్న కాలంలో ఒకచోట ఆగినా ఇంకోచోట దొరికేది.

గీతకు అవతల ఏం దొరుకుతుంది

బయట ఉన్నవారికి దారులే లేవనుకోవడం పొరపాటు. శోధ్‌గంగలో దేశంలోని పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసాలు ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. వైద్యానికి పబ్‌మెడ్ సెంట్రల్, భౌతికశాస్త్రానికి, గణితానికి ఆర్కైవ్ (arXiv) వెబ్‌సైటు, మిగతావాటికి ఎవరైనా ఉచితంగా చదవగల ఓపెన్ యాక్సెస్ జర్నళ్లు ఉన్నాయి. వ్యాసం రాసినవారికే ఒక ఈమెయిల్ పంపితే చాలాసార్లు పీడీఎఫ్ వచ్చేస్తుంది. చందా వ్యాసాలను అనుమతి లేకుండా ఉచితంగా పెట్టి దొంగదారిగా పేరుపడ్డ సై-హబ్ వెబ్‌సైటు మీద 2020 డిసెంబరులోనే పెద్ద ప్రచురణకర్తలు ఢిల్లీ హైకోర్టుకెక్కారు. దాని మీద ఆధారపడి కళాశాల లైబ్రరీ ప్రణాళిక వేసుకోవడం కుదరదు.

జిల్లా స్థాయిలో చేయగల పని ఇంకొకటుంది, దానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. చాలా లైసెన్సుల్లో రెండు షరతులు ఉంటాయి: గ్రంథాలయానికి స్వయంగా వచ్చి అక్కడి కంప్యూటర్‌లో చదివే బయటి పాఠకుణ్ని అనుమతించడం, అడిగిన గ్రంథాలయానికి ఒక వ్యాసం ప్రతి పంపడం. ఈ షరతులున్న ఒప్పందాల కింద పొరుగు కళాశాల విద్యార్థికి విశ్వవిద్యాలయం లైబ్రరీలో ఒక కుర్చీ, ఒక కంప్యూటర్ కేటాయించడం చట్టబద్ధమే. దానికి కావలసింది ఒప్పందం కాగితాన్ని చదివే లైబ్రేరియన్, ఒప్పుకునే రిజిస్ట్రార్. ఏ కళాశాలలో ఏ అచ్చు జర్నళ్లు, ఏ పుస్తకాలు ఉన్నాయో ఒక ఉమ్మడి జాబితాను మన రెండు జిల్లాలకూ కలిపి తయారు చేసుకోవడానికైతే లైసెన్సుతో పనే లేదు.

జిల్లా గ్రంథాలయ సంస్థల సంగతి మూడో దశలో వస్తుంది. ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కట్టేది ఊళ్లోని ప్రతి ఇంటివారూ. ఆ పన్ను స్థానిక సంస్థల నుంచి గ్రంథాలయ సంస్థకు చేరడంలో బకాయిలు పాత కథే. ప్రస్తుతం ఆ గ్రంథాలయాల్లో కుర్చీలు నింపుతున్నది గ్రూప్స్, డీఎస్సీ అభ్యర్థులు, దినపత్రికల పాఠకులు. సోంపేట డాక్టరు, రాజాం విద్యార్థి ఒకే కంప్యూటర్ ముందు కూర్చుని జర్నల్ తెరవగల చోటు అవుతుందంటే అది ఆ గదే. దానికి ఇంటర్నెట్, నాలుగు కంప్యూటర్లు, సాయంత్రం ఏడు దాకా తెరిచి ఉంచే మనిషి ముందు కావాలి.

ఇప్పుడున్న కేటాయింపు 2027 డిసెంబరుతో ముగుస్తుంది. వాడకాన్ని ఎప్పటికప్పుడు సమీక్షించే బాధ్యతను పరిశోధనకు నిధులిచ్చే కేంద్ర సంస్థ అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌కు అప్పగించారు. ఎన్ని వ్యాసాలు దిగాయన్న లెక్క సంస్థలవారీగా ప్రచురణకర్తల సర్వర్లలో నమోదవుతూనే ఉంటుంది. మరుసటి బేరంలో ఏ మూటను ఉంచాలి, ఏది వదలాలి, ప్రైవేటు కళాశాలలను ఏ రుసుముకు చేర్చాలి అన్నవి ఆ లెక్కల మీదే నడుస్తాయి. పరిధిలో ఉండి కూడా ఇంకా పేర్లు ఎక్కించని కళాశాల ఆ పట్టికలో సున్నాగా కనిపిస్తుంది.